ఏడు రోహిణి కార్తెలు దాటిన మొక్కలు

విదేశీ తోట పుస్తకాల్లో ఒక మొక్కను ‘హార్డీ’ అన్నారంటే గడ్డకట్టే చలికి కూడా చావదని అర్థం. ఆ మాట నమ్మి థైమ్, లావెండర్ లాంటి వాసన మొక్కలు తెచ్చి హనుమకొండ ఎర్ర నేలలో నాటితే మొదటి వానకాలం దాటవు. ఇక్కడ మొక్కకు పరీక్షలు వేరు. మొదటిది మే ఆఖరున వచ్చే రోహిణి కార్తె. పగలు 43, 44 డిగ్రీలు, పడమటి వడగాలి, అర్ధరాత్రి చెయ్యి పెట్టినా వేడిగా తగిలే గోడలు. రెండోది ఆగస్టులో వారం పాటు విడవని ముసురు, వేళ్ల దగ్గర జాలు, అంటే ఇంకకుండా నిలిచే తడి. చిత్రమేమిటంటే మొదటిదాంట్లో కంటే రెండోదాంట్లోనే ఎక్కువ మొక్కలు పోతాయి. ఎండకు వాడిన మొక్కను చూసి నీళ్లు పోస్తాం, లేస్తుంది. జాలుకు వేరు కుళ్లిన మొక్క కూడా అచ్చం అలాగే తల వేలాడేస్తుంది. దానికీ నీళ్లు పోస్తాం.

ఏడేళ్లుగా ఒకే పెరట్లో నిలిచిన బహువార్షిక (ఏళ్ల తరబడి బతికే) ఆకు మొక్కలు, నేలను కప్పే మొక్కల గురించి ఈ సమీక్ష. పోయినవాటి పేర్లు కూడా ఉన్నాయి. నీళ్లు బోరువి, ఉప్పదనం ఎక్కువ. కుండీల అంచున తెల్లటి పెచ్చు కడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకుని చదవండి, నల్లా నీళ్లు మాత్రమే వాడేవాళ్లకు కొన్ని మొక్కలు ఇంకా బాగా రావచ్చు. ఆర్వో మెషిన్ వదిలే వేస్టు నీళ్లు మాత్రం పొయ్యకండి. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి అందులోనే ఉంటుంది.

మొక్క కొనే ముందు నేల చూడాలి. కొత్త కాలనీల్లో ప్లాటు ఎత్తు పెంచడానికి మొరం పోసి రోలరుతో తొక్కిస్తారు. పైన అరడుగు ఎర్రమట్టి, దాని కింద సిమెంటు లాంటి పొర. గడ్డపారతో అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి గడియారం చూడండి. రెండోసారి పోసిన నీళ్లు గంటకో అంగుళం దిగితే నేల మంచిదే. రాత్రి పోసినవి తెల్లారినా కనపడుతుంటే అక్కడ ఇటుకలు పేర్చి తొమ్మిదంగుళాల ఎత్తు మడి కట్టాల్సిందే. చాలామంది ఇక్కడే పొరబడతారు. గుంత పెద్దగా తవ్వి అందులో మంచి మట్టి, ఎరువు నింపుతారు. చుట్టూ మొరం గట్టిగా, నడుమ మట్టి మెత్తగా ఉంటే అది గుంత కాదు, గిన్నె. వాన పడగానే చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే చేరతాయి.

మడికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు, ఒక పాలు దొడ్డు ఇసుక సరిపోతాయి. నూరు చదరపుటడుగులకు ఒక కిలో వేపపిండి కలిపితే చెదలు కొంత తగ్గుతాయి. ఎర్ర నేలల్లో చెదలు లేని పెరడు లేదు. ఎండకాలం మొక్కల మొదట్లో వరిగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది నిజమే, కానీ కాండానికి తగిలేలా పరిస్తే చెదలకు మనమే మెట్లు కట్టినట్టు. నాలుగు వేళ్ల ఎడం వదలాలి.

ఇక మొక్కలు. అన్నిటికంటే ఎక్కువ మార్కులు నిమ్మగడ్డికి. పడమటి గోడ వెంట, ఇంకేదీ బతకని చోట, ఏడేళ్లూ నిలిచింది. అయితే కొనేటప్పుడే సగం మోసపోయే మొక్క ఇది. నిమ్మగడ్డి అని చెప్పి సిట్రొనెల్లా ఇస్తారు, పైకి రెండూ ఒకేలా ఉంటాయి. దుబ్బును విడదీసి ఒక పిలక మొదలు చూడండి. నిమ్మగడ్డి మొదలు తెల్లగా, లేత ఆకుపచ్చగా ఉంటుంది. సిట్రొనెల్లా మొదట్లో ఎరుపు, వంగపండు రంగు చారలు కనపడతాయి. ఆకు నలిపితే మొదటిది నిమ్మతొక్క వాసన, రెండోది దోమల అగరుబత్తి వాసన. రెండోది చాయ్‌లో పనికిరాదు.

నాటేది మృగశిర కార్తెలో, రెండు మంచి వానలు పడ్డాక. రెండు మూడు పిలకలు కలిపి ఒక గుంతలో పెట్టి, ఆకును ఆరంగుళాల ఎత్తులో కోసేయాలి. పొడుగాకు వదిలితే వేరు పట్టకముందే ఆకు నుంచి తేమ పోయి పిలక ఎండుతుంది. దుబ్బుకీ దుబ్బుకీ రెండడుగులు. పిలక తెల్లటి భాగం మట్టిలో రెండంగుళాలకు మించి దిగకూడదు. లోతుగా నాటినవే ముసురులో కుళ్లుతాయి, నడిమి ఆకు పట్టి లాగితే చేతికి ఊడి వస్తుంది. నాలుగు నెలలకు మొదటి కోత, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి. నేల నుంచి జానెడు కంటే తక్కువ, నాలుగంగుళాల కంటే ఎక్కువ ఎత్తులో కొడవలితో కోయాలి. మరీ మొదలంటా కోస్తే కొత్త చిగురు వచ్చే చోటే పోతుంది. ఆకు అంచు బ్లేడు లాంటిది, పొడుగు చేతుల చొక్కా లేకుండా పనిలోకి దిగొద్దు.

నాలుగైదేళ్లకు దుబ్బు నడుమ బోలుగా ఎండిపోయి, చుట్టూ వలయంలా పిలకలు మిగులుతాయి. మొక్కకు రోగం వచ్చిందని మందులు కొట్టేవాళ్లున్నారు. అది రోగం కాదు, వయసు. జూన్‌లో దుబ్బు మొత్తం పెకిలించి, బయటి పిలకలు తీసి మళ్లీ నాటాలి. ఒక పాత దుబ్బుకు యాభై పిలకలు సులువుగా వస్తాయి. ఇక దోమలు రావనే నమ్మకం సంగతి: నిలబడి ఉన్న దుబ్బు దోమలను ఏమీ చెయ్యదు. నూనె ఆకు లోపల ఉంటుంది, నలిపితేనే బయటికి వస్తుంది.

పొన్నగంటి కూరను ఆకుకూరగా తప్ప నేలకప్పు మొక్కగా ఎవరూ చూడరు. నా లెక్కలో ఆ పనికి తినే మొక్కల్లో దీన్ని మించింది లేదు. నర్సరీకి పోనక్కరలేదు. అంగట్లో ఒక కట్ట కొని, ఆకు కూర వండుకుని, ముదురు కాడలు దాచిపెట్టండి. అరడుగు ముక్కలు చేసి, రెండు మూడు కణుపులు మట్టిలో ఉండేలా ఏటవాలుగా గుచ్చితే చాలు. ఆరంగుళాల ఎడంతో నాటితే వానకాలంలో నెలన్నరలో నేల కనపడదు. మట్టిని తాకిన ప్రతి కణుపూ వేరు పడుతుంది. మూడు వారాలకోసారి రెండంగుళాల మొదలు వదిలి కోస్తుండాలి. కణుపుల దగ్గర తెల్లటి పూల గుండ్లు వచ్చాయంటే కోత ఆలస్యమైనట్టే, ఆకు పీచు పడుతుంది.

దీన్ని పోలిన ఇంకో మొక్క ఉంది, చెరువుల్లో, కాలువల్లో తేలుతూ అల్లుకుంటుంది. అలిగేటర్ వీడ్ అంటారు. తేడా పూలల్లో ఉంది. పొన్నగంటి పూల గుండు ఆకు పంగలోనే కాడ లేకుండా అంటుకుని ఉంటుంది. రెండోదానికి ఒకటి రెండు అంగుళాల కాడ మీద గుండు నిలబడుతుంది, కాండం కోస్తే లోపల బోలు. పొరపాటున అది పెరట్లో చేరితే తీయడం కష్టం. చెరువు గట్టు నుంచి ముక్కలు తెచ్చుకునేవాళ్లు పువ్వు చూశాకే తేవాలి.

పొన్నగంటికి వచ్చే తెగులు ఆకు అడుగున తెల్లటి పొక్కులు, చలికాలం మొదట్లో కనపడతాయి. మందు అక్కరలేదు, మొదలంటా కోసి ఆకంతా ఏరి దూరంగా పారేస్తే కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది. ఎండకాలం నీళ్లు తగ్గితే చావదు, ఆకు చిన్నదై ఎర్రబారుతుంది. వాషింగ్ మెషిన్ నీళ్ల దారిలో పెంచితే మాత్రం తినొద్దు.

వామాకు, అంటే కర్పూరవల్లి, తూర్పు సందులో పెట్టాల్సిన మొక్క. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలి మధ్యాహ్నం నీడ పడితే ఆకు అరచేయంత పెరుగుతుంది, బజ్జీకి సరిగ్గా ఆ సైజే కావాలి. పూర్తి ఎండలో బతుకుతుంది కానీ ఆకు రూపాయి బిళ్లంత అయి, మందంగా, పసుపుగా మారి, ఘాటు ఎక్కువై నోట పెట్టలేం. ఐదంగుళాల కొమ్మ తుంచి, కింది రెండు జతల ఆకులు తీసేసి, ఒక పూట నీడలో ఆరనిచ్చి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. తుంచిన వెంటనే గుచ్చితే పచ్చి గాయం నుంచి కుళ్లు మొదలవుతుంది. ఎనిమిదంగుళాలు పెరిగాక కొన తుంచకపోతే కాడ పొడుగై పక్కకు పడిపోతుంది. దీని చావు ఎప్పుడూ ఒకలాగే ఉంటుంది. మట్టిని ఆనుకున్న కాండం నల్లగా మెత్తబడుతుంది, పైన ఆకు మాత్రం ఇంకా నిగనిగలాడుతుంటుంది. ఆ దశలో పై కొమ్మలు తుంచి కొత్తగా నాటుకోవడమే, మొదలును కాపాడలేం. వానకాలమంతా ఒక కుండీ సజ్జ కింద ఉంచాలి, అది విత్తనం లాంటిది.

పుదీన తోటంతా ఆక్రమిస్తుంది, జాగ్రత్త అని రాస్తారు. చల్లటి దేశాల సంగతి అది. మన దగ్గర ఆరుబయట నేలలో పెట్టిన పుదీన ఏప్రిల్‌లోనే మాడిపోతుంది. నల్లా దగ్గర తడి నీడలో మాత్రం పాకుతుంది. మంచి పద్ధతి వెడల్పు టబ్బు: అడుగున్నర వెడల్పు, ఎనిమిదంగుళాల లోతు. వేర్లు పైపైనే పరుగెడతాయి గనుక లోతు కంటే వెడల్పు ముఖ్యం. బజారు కట్టలోని కాడలను గ్లాసు నీళ్లలో ఉంచితే పది రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. మార్చి ఆఖరు నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్ నెట్ కింద ఉండాలి. ఆకు అడుగున ఇటుక పొడి లాంటి మచ్చలు కనపడితే అది తుప్పు తెగులు. మొత్తం నేలమట్టంగా కోసేయండి. ఏడాదికోసారి, దసరా తర్వాత, టబ్బు బోర్లించి పాత వేర్లు పారేసి కొత్త కాడలతో మొదలుపెట్టకపోతే రెండో ఏట ఆకు గోరంత వస్తుంది.

సరస్వతి ఆకు బోరు నీళ్లకు అంచులు మాడ్చుకుంటుంది. అయినా నీళ్లు చుక్కచుక్కగా పడే నల్లా మూలలో ఏడేళ్లూ ఉంది. పేరు దగ్గర గందరగోళం ఎక్కువ. బ్రాహ్మి అని అడిగితే రెండు రకాలు ఇస్తారు. గుండ్రటి ఆకు, అంచున చిన్న చిన్న గాట్లు, ఒక్కో ఆకుకు పొడుగాటి కాడ ఉంటే సరస్వతి ఆకు. చిన్న మందపాటి ఆకులు, తెలుపు లేక లేత నీలం పూలు ఉంటే నీటి బ్రాహ్మి. పచ్చడికి మొదటిదే. మే నెలలో మూడు రోజులు ఊరెళ్లి వస్తే రెండూ ఉండవు.

తులసి రెండు మూడేళ్ల మొక్క. కంకులు తుంచుతుంటే నాలుగో ఏడూ చూడొచ్చు. మరువం, రోజ్‌మేరీ పదంగుళాల మట్టి కుండీలో, సగానికి సగం దొడ్డు ఇసుక కలిపి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన తగలని సజ్జ కింద ఉంచితే బతుకుతాయి. నేలలో పెట్టినవి రెండూ పోయాయి. దవనం చలికాలపు మొక్క, బహువార్షికం లెక్కలోకి రాదు. థైమ్ మూడుసార్లు, లావెండర్ రెండుసార్లు పోయాయి. చాలు.

వట్టివేరు గురించి ఒక మాట. వాన నీళ్లు కోసుకుపోయే వాలు అంచున అరడుగు ఎడంతో వరుసగా నాటితే గోడలా నిలుస్తుంది. వేరు పక్కకు పోకుండా నిట్టనిలువుగా దిగుతుంది, అనువైన నేలలో మూడు మీటర్ల దాకా. కానీ కూజాలో వేసుకోవడానికో, కూలర్ తడకలకో వేరు కావాలని మొరం నేలలో పెడితే ఏడ్పే మిగులుతుంది, తవ్వి తీయలేం. వేరు కోసమైతే రెండున్నర అడుగుల ఎత్తు సిమెంటు సంచిలో ఇసుక మట్టి నింపి పెంచి, ఏడాదిన్నరకు సంచి చీల్చి కడగడమే సులువు.

నేలకప్పు మొక్కల దగ్గరికి వస్తే, మొదట తుంగ అనే కలుపు సంగతి. నేలలో తుంగ గడ్డలుండగా పైన ఏ మొక్క పెట్టినా ఆర్నెల్లలో తుంగ తోటే అవుతుంది. ఎండకాలంలో నేల తడిపి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పే పద్ధతి చాలా కలుపు గింజలకు పనిచేస్తుంది. తుంగకు మాత్రం చాలదు. ఏప్రిల్‌లో అడుగు లోతు తవ్వి, గడ్డలు ఏరి, మిగిలినవి ఎండకు పైకి తేలేలా పది రోజులకోసారి తిరగెయ్యాలి. తొలకరికి మళ్లీ వచ్చిన మొలకలను గడ్డతో సహా తీశాకే మొక్కలు నాటాలి. విసుగు పుట్టే పనే, దగ్గరి దారి కనపడలేదు.

నడిచే చోటుకు లిప్పియా. కొందరు బొక్కెనాకు అంటారు. మన చెరువు గట్ల మీద, తడి ఆరిన ఒండ్రులో తనంతట తానే పరుచుకుని ఉంటుంది. రెండు మూడంగుళాలకు మించి లేవదు, ఉప్పు నీళ్లకు జంకదు. లాన్ గడ్డితో పోలిస్తే నీళ్లు సగం కూడా అడగలేదు. ఆరంగుళాలకో ముక్క నాటితే మూడు నెలల్లో నిండుతుంది. రెండు లోపాలు చెప్పాలి. ఒకటి, చలికాలం ఆఖరున నెలరోజులు గోధుమ రంగులో దిగాలుగా కనపడుతుంది. రెండు, చిన్న చిన్న పూలకు తేనెటీగలు విపరీతంగా వస్తాయి. ఒట్టి కాళ్లతో పిల్లలు ఆడే చోటైతే పూత రాగానే కోసెయ్యాలి.

నర్సరీల్లో అడక్కుండానే చేతిలో పెట్టేది వెడీలియా, పసుపు పూలు, నిగనిగలాడే ఆకు. నెలలో నిండుతుంది, ఎండకు ఆగుతుంది, వానకు ఆగుతుంది. ఆగనిది మనం గీసిన గీత దగ్గరే. ప్రపంచంలో అతి చెడ్డ వంద దురాక్రమణ జాతుల జాబితాలో ఉన్న మొక్క ఇది. కోసి చెత్తకుప్పలో వేసిన ముక్క కూడా కణుపు దగ్గర వేరు పట్టి లేస్తుంది. కుండీల్లోకి, గోడ పగుళ్లలోకి, పక్కింటి పెరట్లోకి పోతుంది. తీయాలంటే ఎండకాలంలో నేల పొడిగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగి, ముక్కలను సిమెంటు గచ్చు మీద వారం పాటు ఎండబెట్టి పారెయ్యాలి. వానకాలంలో లాగితే తెగిన ప్రతి ముక్కా కొత్త మొక్క. పూర్తిగా వదిలించుకోవడానికి రెండు వానకాలాలు పట్టాయి.

చెట్టు నీడకు, నీళ్లు అందని మూలకు వంగపండు రంగు సెట్‌క్రీసియా, రోయో రెండూ మంచివే. అందంగా ఉంటాయా అంటే అభిరుచిని బట్టి. చావవు. కాడ విరిచినప్పుడు కారే రసం కొందరికి దురద పుట్టిస్తుంది. పసుపు పూల అరాకిస్, మన పల్లి మొక్కకు చుట్టమే, చూడటానికి అన్నిటికంటే బాగుంటుంది. కానీ బోరు నీళ్లకు కొత్త ఆకు పసుపు పచ్చబడి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము అందని లక్షణం అది. నల్లా నీళ్లుంటేనే తీసుకోండి. వానకాలానికి తాత్కాలికంగా కందగడ్డ (చిలగడదుంప) తీగ పరిచేవాళ్లకు ఒక హెచ్చరిక: గడ్డ ఊరిందని మనకంటే ముందు కోతులకు తెలుస్తుంది. మడి మొత్తం తిరగేస్తాయి. నిమ్మగడ్డిని, వామాకును ఇప్పటిదాకా ముట్టలేదు.

2023 జూలై ఆఖరున, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిన ఆ వానల్లో, పెరట్లో మూడు రోజులు నీళ్లు నిలిచాయి. వట్టివేరు, పొన్నగంటి, సరస్వతి ఆకు, లిప్పియా ఏమీ ఎరగనట్టు లేచాయి. నిమ్మగడ్డి పల్లపు దుబ్బులు రెండు పోయాయి, గట్టు మీదివి ఉన్నాయి. నేలలోని వామాకు, తులసి ఒక్కటీ మిగల్లేదు. వామాకును మళ్లీ సజ్జ కింది కుండీ నుంచే నాటాను.

ఎన్ని ముక్కలు కావాలో లెక్క సులువు. పది అడుగులకు పది అడుగుల చోటుకు ఆరంగుళాల ఎడంతో 400, తొమ్మిదంగుళాలతో సుమారు 180, అడుగు ఎడంతో 100. దగ్గరగా నాటితే ఖర్చు, దూరంగా నాటితే కలుపు. లిప్పియా, పొన్నగంటి డబ్బులు లేని ముక్కలే గనుక దగ్గరగా నాటండి. అరాకిస్ లాంటి కొన్న మొక్కలు తొమ్మిదంగుళాలు.

నర్సరీ కవరులో వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ మట్టి చాలాసార్లు జిగురు ముద్దలా ఉంటుంది. కవరు చింపి అలాగే పెడితే చుట్టూ నేల తడిగా ఉన్నా ముద్ద లోపల పొడిగానే ఉండి, నెలకు మొక్క ఎండుతుంది. కవరు తీసి బకెట్ నీళ్లలో ముంచండి. బుడగలు ఆగాక తీసి, పై పొరను వేళ్లతో అర అంగుళం మేర రాల్చి, చుట్టుకుపోయిన వేళ్లను విడదీసి నాటండి. జూన్ వానలు దాటిపోతే ఇంకో అదను దసరా తర్వాత నెల రోజులు. సంక్రాంతి దాటాక ఎవరైనా మొక్క ఇస్తే కాదనొద్దు కానీ, తొలకరి దాకా కుండీలోనే, తూర్పు నీడలో ఉంచండి.